సుంకపు మెట్టు వద్ద మెలకువ



గల్ఫులో కష్టపడుచున్న మన బిడ్డలు ఇంటికి ఫోను, టీవీ పంపుట మనకు సంతోషమే. అయితే సముద్రము దాటి వచ్చు వస్తువునకు సుంకమున్నదని మరువరాదు. 5,000 రూపాయల లోపు బహుమతి పార్సిళ్లకున్న మినహాయింపు సహితము 2019 డిసెంబరులో, రాఖీలకు, ప్రాణరక్షక ఔషధములకు తప్ప, తొలగింపబడినది. విదేశీ అంగడిలో చవకగా కనబడినది సుంకము కలిసిన తరువాత చవక కాకపోవచ్చును. చెడిపోతే ఇక్కడ గ్యారంటీ చెల్లకపోవచ్చును. “పార్సిలుపై ధర తగ్గించి వ్రాసెదము” అను అమ్మకందారుని మాట వినవద్దు. కైసరు నాణెమును చూపి ప్రభువు నేర్పిన పాఠము దీనికిని వర్తించును.

మా సంఘములోని ఒక విధవరాలికి ఫోనులో పరిచయమైన విదేశీ ‘సహోదరుడు’ ఖరీదైన బహుమతి పంపితినని చెప్పెను. మరునాడు కస్టమ్స్ అధికారినని మరియొకడు పిలిచి, తన ఖాతాలో 30,000 రూపాయలు వేయమనెను. ఆమె చెవికమ్మలు తాకట్టుకు తీసికొని వెళ్లుచుండగా సంఘపెద్ద అడ్డుపడెను.

జక్కయ్య కాలములోను సుంకము పేరట అన్యాయము జరిగెను. అతడు నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. ఈ దొంగలు ఇయ్యరు. సుంకమును ఎవరి సొంత ఖాతాకును కట్టమని కస్టమ్స్ వారు అడుగరు. మోసపోయినవారు సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. మన మౌనము దొంగకే మేలు.