బందరు రోడ్డు చివర

పొద్దున్నే అమ్మని కారెక్కించుకుని బెజవాడ నుంచి మంగినపూడి బీచ్‌కి వెళ్లొచ్చాం. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, బందరు. పుణెలో మొదలైన 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, మన ఊరు దాటి ఆగేది బందరులోనే.

మంగినపూడిలో అడుగున నల్ల బంకమట్టి. చాలా దూరం దాకా లోతుండదు. అలలంటే హడలిపోయే అమ్మ, కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మోకాళ్ల లోతు దాకా నడిచింది. అల వెనక్కి లాగినప్పుడు వేలి గోళ్లు నా మణికట్టులో దిగాయి. అయినా “ఇంకాసేపుందాం రా” అంటుంది! ఎంత ముద్దొచ్చిందో.

వచ్చేటప్పుడు బందరులో తొక్కుడు లడ్డు కట్టించుకున్నాం. దానికి 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

మీ ఇళ్లలో పెద్దవాళ్లుంటే తప్పకుండా తీసుకెళ్లండి. ఎండెక్కకముందే చేరుకోండి.