మా చేవ్రాళ్ల పెట్టె

ప్రతి యిల్లాలికిని దాచుకొను వస్తు వొకటి యుండును. మా రేకుపెట్టెలో నున్నవి క్రీడాకారుల పటములు, వానిపై వారి చేవ్రాళ్లు.

బాల్యమున మా యన్నగారితో పోటీపడి వీనిని కూర్చితిమి. ఆయనకు క్రికెట్టువారు ప్రియులు. మాకు కరణం మల్లీశ్వరిగారు. ఆమె మా శ్రీకాకుళపు ఆడుబిడ్డ. 2000వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ ఒలింపిక్సులో మొదట 110, పిదప 130, వెరసి 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము నందెను. భారతస్త్రీలలో ఒలింపిక్ పతకము గొనిన ప్రథమురా లామెయే. అప్పుడు మాకు పదవయేడు. మా మేనమామగా రామె చేవ్రాలు గల పటము తెచ్చిన దినమున మాకు అన్నము సయింపలేదు.

మావారి యుపాధ్యాయవృత్తి వలన ముంచింగిపుట్టు చేరితిమి. ఈ కొండలలో వానకాలపు తేమ పెట్టెలలోనికిని జొచ్చును. నిరుడు శ్రావణమున తెఱచి చూడగా ఆ చేవ్రాలు నీలపు మరకయై యుండెను. పసిపిల్లవలె నేడ్చితిమి.

మావారి శిష్యురా లొకతె కట్టెలమోపు దింపి పటము జూచి, "ఇంత బరువెత్తితే ఏటిచ్చినారమ్మగోరూ?" అని యడిగెను. పతకమనియు, దేశమంతయు కొనియాడెననియు చెప్పితిమి.

"మాయమ్మ దినమూ ఎత్తుతాది. ఎవులూ సూడరు."

గోవర్ధన మెత్తినవానిని గూర్చి భాగవతమున నెన్నియో మార్లు చదివితిమి. ఆ పిల్లకు బదులు చెప్ప మాట దొరకలేదు. పటము నామెకే యిచ్చి, తల్లి చేవ్రాలు తెమ్మంటిమి. తల్లికి వ్రాత రాదట. నెల దినములకు నోటుపుస్తకపు కాగితముపై వంకర యక్షరములు మూడు తెచ్చెను. బిడ్డయే నేర్పినదట.

ఆ కాగిత మిప్పుడు మా పెట్టెలో అన్నిటికంటె పైనున్నది.