బేగెల్ మీది సాల్మన్ ముక్క వెనక ఆదివాసీల పోరాటం



"సియాటిల్‌ల ఏం తింటున్నవ్ రా?" అని చాలామంది అడుగుతున్నరు. వారమంతా అన్నం, పప్పే. ఆదివారం మాత్రం టిఫిన్, భోజనం కలిపి పదకొండు గంటలకు ఒకటే తిండి. ఇక్కడ దాన్ని బ్రంచ్ అంటరు. ఆ రోజు నేను చేసుకునేది స్మోక్డ్ సాల్మన్ బేగెల్.

బేగెల్ అంటే గారె లెక్క మధ్యలో చిల్లున్న రొట్టె. పిండి ముద్దను ముందు మరిగే నీళ్లల్ల వేసి తీసి, తర్వాత ఓవెన్‌లో కాలుస్తరు. పోలండ్ వైపు నుంచి వలస వచ్చిన యూదులు దీన్ని న్యూయార్క్‌కు తెచ్చారు. అడ్డంగా రెండు చెక్కలు కోసి, కాల్చి, కొంచెం ఆరనియ్యాలి. వేడి మీదనే క్రీమ్ చీజ్ రాస్తే కరిగి కారిపోతది. దాని మీద పల్చటి సాల్మన్ ముక్కలు, ఉల్లిగడ్డ, కొంచెం సోయకూర, నాలుగు నిమ్మ చుక్కలు. చేప ఉప్పు పట్టించి పొగబెట్టిందే కాబట్టి మళ్లీ వండే పని లేదు.

ప్యాకెట్ విప్పితే మన ఇండ్లల్ల పొయ్యి పైన ఆరగట్టిన చేపల వాసనే! ఇక్కడి ఆదివాసీలు తరతరాలుగా ఆల్డర్ కట్టెల పొగతో సాల్మన్‌ను నిల్వ చేసుకుంటరు. ఈ చేప నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన నదికే వస్తది. మన గోదావరిలో పులస ఎదురెక్కినట్టే.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తా. 1854లో మెడిసిన్ క్రీక్ ఒప్పందంలో నిస్క్వాలీ లాంటి తెగల భూమి చాలావరకు పోయింది. కానీ అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కు మాత్రం వాళ్లు వదులుకోలేదు, కాగితం మీద రాయించుకున్నరు. తర్వాత అదే చేపలు పట్టినందుకు రాష్ట్ర ప్రభుత్వం వాళ్లను జైల్లో పెట్టింది. నిస్క్వాలీ నాయకుడు బిల్లీ ఫ్రాంక్ జూనియర్ మొదటిసారి 1945లో అరెస్టయ్యాడు. అప్పుడు ఆయన వయసు 14. ఆ తర్వాత 50 సార్లకు పైనే అరెస్టయ్యాడు. చివరికి 1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్, పట్టదగ్గ చేపల్లో సగం వరకు ఒప్పందం ఉన్న తెగలవే అని తీర్పిచ్చాడు. 1979లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. ఇప్పుడు నదుల్లో చేపల నిర్వహణలో తెగలు ప్రభుత్వంతో సమానంగా కూర్చుంటున్నయి.

120 ఏళ్ల తర్వాత గెలిపించింది ఆ కాగితమే. ఆ కేసులో తెగల పెద్దలు కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు.

మనకూ అట్లాంటి కాగితం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(డి). నీటి వనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తుల మీద ఊరికి సామూహిక హక్కు ఇస్తది. మనమేమో పోడు పట్టా గురించే కొట్లాడుతం. వాగు గురించి, మడుగు గురించి గ్రామసభలో ఎంతమందిమి లేచి అడిగినం?

సెలవులకు ఊరికి పోతే ఒక పని చెయ్యండి. ఏ వాగులో, ఏ మడుగులో, ఏ కాలంలో చేపలు పట్టేవాళ్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. పెద్దల మాట రాతలో ఉంటే ఈ చట్టం నియమాల ప్రకారం అది సాక్ష్యమే. దాన్ని జతచేసి ఫారం-బి నింపి అటవీ హక్కుల కమిటీకి ఇయ్యండి. పెద్దలు ఉన్నప్పుడే ఈ పని కావాలె. వాళ్లు పోతే ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు.

జై ఆదివాసీ!