ఈ రోజు ఏ వారం?

మతిమరుపుతో వచ్చే పెద్దవాళ్లను పరీక్షించేటప్పుడు మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ రోజు ఏ వారం? కొన్నేళ్లుగా ఆ ప్రశ్న పాతికేళ్ల పిల్లలను కూడా అడుగుతున్నాను. ఏ కంపెనీలోనూ జీతానికి కుదరకుండా, ఇంట్లోనే కూర్చుని పనికింత అని తీసుకునేవాళ్లు వీళ్లు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, లోగోలు గీసేవాళ్లు, మెడికల్ కోడింగ్ చేసేవాళ్లు, చిన్న వ్యాపారుల పన్ను లెక్కలు చూసేవాళ్లు. ప్రశ్న వినగానే చాలామంది ఫోన్ తీసి చూసి జవాబు చెబుతారు. జ్ఞాపకశక్తి భేషుగ్గానే ఉంటుంది. సోమవారానికీ శనివారానికీ తేడా చెప్పే గుర్తే వాళ్ల రోజుల్లో మిగల్లేదు.

బాలాపూర్‌లో ప్రాక్టీసు చేసే డాక్టరుకు వేళకాని వేళ పనులు తెచ్చే జబ్బులు కొత్త కాదు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కల షిఫ్టుల మీద బతికే ఇళ్లు బాగా పెరిగాయి. రాత్రి డ్యూటీల కడుపుమంట, పగటినిద్ర పట్టని చికాకు చూస్తూనే ఉన్నాను. అందుకే ఒక ఇంటి అన్నదమ్ములు నన్ను ఆలోచనలో పడేశారు. (ఈ వ్యాసంలో రోగుల ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను.)

అన్నది విమానాశ్రయంలో సరుకు దించే, ఎక్కించే పని. డ్యూటీ మారుతూ ఉంటుంది: కొన్నాళ్లు పొద్దున, కొన్నాళ్లు మధ్యాహ్నం, కొన్నాళ్లు రాత్రి. తమ్ముడు ఇంట్లో పైగదిలో పెళ్లి వీడియోలు, యూట్యూబ్ చానళ్ల వీడియోలు ఎడిట్ చేస్తాడు. సంపాదన అన్నకంటే కాస్త ఎక్కువే. ఛాతీలో మంట, మెడనొప్పి, గుండెదడ అని తల్లి వెంటబెట్టుకుని వచ్చింది తమ్ముణ్ణే.

"మా చిన్నోడు ఇల్లు కదలడు సార్. రాత్రంత కంప్యూటర్ ముంగట కూసుంటడు, పొద్దెక్కినంక పంటడు. ఎప్పుడు తింటడో ఎప్పుడు లేస్తడో నాకే తెల్వది" అంది.

పుస్తకాల ప్రకారం అన్న ఆరోగ్యమే ఎక్కువ దెబ్బతినాలి. మారే షిఫ్టులు ఒంటికి చేసే కీడు తక్కువది కాదు. కానీ అన్న ఫ్రిజ్ మీద డ్యూటీ కాగితం అతికించి ఉంటుందట. మంగళవారం వీక్లీ ఆఫ్. చుట్టాలింటికి పోవడం, తల్లిని బజారుకు తీసుకుపోవడం, క్రికెట్, అన్నీ ఆ రోజే. "మరి నీకు సెలవెప్పుడు బాబూ?" అని తమ్ముణ్ణి అడిగాను. "పని లేనప్పుడు సార్" అన్నాడు. పని లేనప్పుడు ఏం చేస్తావంటే, వాట్సాప్ చూస్తూ కూర్చుంటానన్నాడు. అంటే పని ఉన్న రోజు పనితో అలసట, లేని రోజు పని రాదేమోనన్న భయంతో అలసట. ఈసీజీ బాగానే ఉంది. షుగర్ మాత్రం గీత దగ్గరికి వచ్చేసింది.

ఏడాదిలో ఏ రోజు బాగా గుర్తుందని అడిగితే, గణేశ్ నిమజ్జనం అన్నాడు వెంటనే. 1994లో 450 రూపాయలతో మొదలైన బాలాపూర్ లడ్డూ వేలంపాట ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. ఆ వేలం జరిగే నిమజ్జనం పొద్దున ఊరంతా వీధిలోనే ఉంటుంది. వీడియో ఎడిటరుకు అది నిజానికి పని ఎక్కువున్న రోజు. అయినా ఆ రోజు త్వరగా లేచాడు, స్నేహితులతో నడిచాడు, వేళకు తిన్నాడు, రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. ఎవరూ టైంటేబుల్ రాసివ్వలేదు. చుట్టూ ఉన్న మనుషులంతా ఒకే వేళకు కదిలారు, ఇతనూ కదిలాడు.

ఆ జవాబు నాకు చాలా నేర్పింది. మన ఒంటికి పగలూ రాత్రీ తెలుసు. మెదడు లోపల, కంటి నరాలు కలిసేచోటికి కాస్త పైన, ఒక చిన్న కణాల గుంపు పొద్దుటి వెలుతురును పట్టుకుని ఒంటి గడియారాన్ని రోజూ సరిచేస్తుంటుంది. ఆ గడియారం కణంలోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. నెలకు చంద్రుడున్నాడు, ఏడాదికి రుతువులున్నాయి. ఏడు రోజుల వారానికి మాత్రం ఆకాశంలో గుర్తంటూ ఏదీ లేదు. అది మనుషుల ఒప్పందం. సంత, శుక్రవారం నమాజు, శనివారం ఉపవాసం, ఆదివారం ప్రార్థన, బడికి సెలవు, ఇవన్నీ కలిసి దాన్ని నిలబెడుతున్నాయి. ఆఫీసుకు పోయేవాడికి ఆఫీసు వారాన్ని చేతికిస్తుంది. ఇంట్లో ఒంటరిగా పనిచేసేవాడికి ఇచ్చేవారు లేరు. అందుకే "నాకు క్రమశిక్షణ లేదు సార్" అని తలవంచుకునే పిల్లలను చూస్తే బాధేస్తుంది. పదిమంది కలిసి మోసేదాన్ని ఒక్కడే మోయలేకపోవడం నేరమెలా అవుతుంది?

మంగళవారం మన దగ్గర చాలా సెలూన్లు మూసి ఉంటాయి. గడ్డం పెరిగినవాడు బుధవారం వస్తాడు తప్ప అలిగి వెళ్లిపోడు. అందరూ ఒకే రోజు మూస్తారు కాబట్టి ఏ ఒక్కరి గిరాకీ పోదు. తమ్ముడికి ఇదే చెప్పాను. మీర్‌పేటలో తనలాగే ఎడిటింగ్ చేసే మరో ఇద్దరితో మాట్లాడుకుని మంగళవారమే సెలవని వాట్సాప్‌లో పెట్టుకున్నారు. అన్న ఆఫ్ కూడా ఆ రోజే. ఒక కస్టమరు మాత్రం కోపంగా వేరేచోటికి పోయాడట. మిగతావాళ్లు సర్దుకున్నారు.

డబ్బు లెక్క కూడా మాట్లాడాల్సి వచ్చింది. డాక్టరుకు ఆ ఊసెందుకని అనుకోవచ్చు, కానీ నిద్ర చెడేది అక్కడే. ఈ పిల్లవాడు నెలకు కావలసిన మొత్తాన్ని 30తో భాగించి రోజు రేటు కట్టుకున్నాడు. అంటే సెలవు తీసుకున్న ప్రతి రోజూ నష్టమే. ఒకటి జ్వరం, ఒకటి బేరం కుదరని రోజు, నాలుగు మంగళవారాలు, బిల్లులకూ కొత్త పని వెతకడానికీ రెండు రోజులు. అవన్నీ తీసేసి 22తో భాగించమన్నాను. ఈఎస్ఐ కార్డున్న కార్మికుడికి జబ్బు చేస్తే, చందా నిబంధనల ప్రకారం, ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. పనికింత అని తీసుకునేవాడు ఆ భద్రతను తన రేటులోనే కలుపుకోవాలి.

ఇక ఆడవాళ్ల సంగతి వేరు. బడంగ్‌పేట నుంచి వచ్చే ఒకామె అమెరికా ఆసుపత్రుల బిల్లులకు కాంట్రాక్టు మీద కోడింగ్ చేస్తుంది. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి జరిగితే ఇక్కడ ఆమె వంటింటి వేళలు జరుగుతాయి. రాత్రి మూడింటికి పడుకుంటుంది. ఆరింటికి లేచి బాబుకు డబ్బా కట్టి బడికి పంపుతుంది. తర్వాత రెండు గంటలు కునుకు, మళ్లీ వంట, మధ్యాహ్నం ఇంకో కునుకు. బరువు పెరిగింది, నెలసరి తప్పుతోంది, చిన్నమాటకే ఏడుపు. థైరాయిడ్ బాగానే ఉంది. మూడుచోట్ల నిద్రమాత్రలు అడిగి వచ్చింది నా దగ్గరికి.

"ఇంట్లనే ఉంటది గద సార్, పనేముంది?" అని అత్త అన్నది కోపంతో కాదు, నిజంగా అలాగే అనుకుంది. నేను మాత్ర రాయకుండా భర్తను పిలిపించాను. రాత్రి మూడున్నర నుంచి పొద్దున తొమ్మిదిన్నర దాకా ఆ గది తలుపు ఎవరూ తట్టకూడదని, బాబును బడికి పంపే పని ఆయనదేనని చెప్పాను. సెలవు రోజుల్లో కూడా ఆ నిద్రలో కనీసం నాలుగు గంటలు అదే వేళకు పడాలి, లేకపోతే ఒంటి గడియారం ప్రతి వారం కొత్తగా తికమకపడుతుంది. కిటికీకి మందపాటి దుప్పటి కట్టుకున్నారు. ఏ ఇంట్లోనైనా ఆడమనిషి వారం ఆమె ఒక్కదాని చేతిలో ఉండదు. ఇంటివాళ్లను కూర్చోబెట్టకుండా ఆమెకు "యోగా చేయమ్మా" అని చెప్పి పంపడం అన్యాయమని గట్టిగా నమ్ముతాను.

ఇంట్లో కూర్చుని పనికింత అని తీసుకోవడం ల్యాప్‌టాప్‌తో వచ్చిందేమీ కాదు. ఎర్రకుంట, షాహీన్‌నగర్ వైపు నుంచి మగ్గం వర్క్ చేసే ఆడవాళ్లు నా దగ్గరికి ఎప్పటినుంచో వస్తున్నారు. చట్రానికి బట్ట బిగించి, నేలమీద కూర్చుని, జర్దోసీ పూలు కుట్టే పని. ఆషాఢంలో పని ఉండదు, శ్రావణం రాగానే ఊపిరాడదు. మెడ, బొటనవేలు, నడుం, ఎడిటరుకు నొప్పి ఎక్కడో వీళ్లకూ అక్కడే. లేవాల్సి వస్తుందని నీళ్లు తాగరు కాబట్టి మూత్రంలో మంట అదనం. ఇటలీ వైద్యుడు రామజ్జిని వృత్తి రోగాల మీద రాసిన తన పుస్తకానికి 1713లో చేర్చిన భాగంలో లేఖకుల బాధలకు మూడు కారణాలు చెప్పాడు: ఎప్పుడూ కూర్చునే ఉండటం, చేయి ఒకే తీరుగా ఆడించడం, మనసు క్షణం సడలకపోవడం. సూది పట్టినా మౌస్ పట్టినా ఆ మూడూ అలాగే ఉన్నాయి.

అయితే వాళ్లలో ఒకామె నిద్రమాట వచ్చినప్పుడు "నిద్రకేం ఢోకా లేదు సాబ్" అంది. నలుగురు ఒకే ఇంట్లో చట్రం చుట్టూ కూర్చుంటారు. ఒకరు నమాజుకు లేస్తే అందరూ లేస్తారు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి చట్రం ముట్టరు. దీన్ని చూసి ఆ బతుకు సుఖమని అనను, దళారి చేతిలో పెట్టే కూలి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కానీ వారం విషయంలో ఆ పైగది కుర్రాడికి లేని ఆసరా వాళ్లకుంది.

పన్ను లెక్కలు చూసే ఒకాయన బీపీ నాకు చాలాకాలం అంతుపట్టలేదు. ఒకసారి మామూలుగా ఉంటుంది, ఒకసారి విపరీతం. ఇంట్లో వారంపాటు రోజూ పొద్దున, రాత్రి చూసి రాయమన్నాను. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తే, 135/85 దాటితే ఎక్కువని లెక్క. ఆయన లెక్కల మనిషి కాబట్టి నెలంతా రాసుకొచ్చాడు. 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ రిటర్నులు వేయాలి. అంకెలు ఆ తేదీల ముందు ఎక్కి, దాటాక దిగుతున్నాయి. మందు అవసరమే, మొదలుపెట్టాను. పనిగంటలు కూడా కూడమంటే గడువు వారాల్లో 60 దాటుతున్నాయి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. ఆయన ఇప్పుడు కస్టమర్లకు తన గడువులు మూడు రోజులు ముందుకు జరిపి చెబుతున్నాడు.

వీళ్లలో చాలామంది ముందు గంటగంటకూ గళ్లు గీసిన టైంటేబుల్‌తో మొదలుపెట్టి, ఒక గడి తప్పగానే అంతా వదిలేసినవాళ్లే. నేను రెండే అడుగుతాను: రోజూ ఒకే వేళకు లేవడం, వారంలో ఒక రోజు పని మూసేయడం. చుక్కలు పెట్టాక ముగ్గు గీతలు కుదిరినట్టు మిగతావి మెల్లగా కుదురుతాయి. పగలు పనిచేసేవాళ్లు లేచిన గంటలోపు ఆరుబయట వెలుతురులో నడవాలి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక పెద్దవాళ్లకు కనీస లెక్క. రోజూ కుదరకపోతే ఐదు రోజులు అరగంట చొప్పున చాలు. ఎవరితోనైనా కలిసి నడిస్తే ఇంకా మంచిది, వాళ్లు గేటు దగ్గర నిలబడితే మీరు దిగక తప్పదు.

అన్నిటినీ దినచర్య లోపమే అనుకుని కూర్చోకండి. ఛాతీలో బరువు, ఎడమచేతిలోకి లాగే నొప్పి, ఒక పక్క పట్టు తప్పడం ఉంటే వెంటనే 108. రెండు వారాలకు మించి దేనిమీదా మనసు పోకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు. మామూలు నీరసం, నిద్రలేమి, కడుపుమంట అయితే రక్తపరీక్షల కాగితాలతోపాటు ఇంకో కాగితం తీసుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి: ఏడు రోజులు, ఎప్పుడు లేచారు, ఎప్పుడు తిన్నారు, ఎన్ని గంటలు పనిచేశారు, ఎప్పుడు పడుకున్నారు, ఇంట్లోవాళ్లు కాక ఇంకెవరితో ముఖాముఖి మాట్లాడారు. ఆ చివరి గడి ఖాళీగా ఉన్నవాళ్లతోనే నేను ఎక్కువసేపు మాట్లాడతాను.