బిగుసుకున్న మరమేకు

1996 జనవరి మూడవ వారం. మా కర్మాగారపు మరమ్మతుల విభాగంలో నేను ఫిట్టరుగా చేరి అప్పటికి రెండేళ్ళు నిండలేదు. చేతిలో పనికంటె నోటిలో మాట ముందుండే వయస్సు. ఒక మధ్యాహ్నం భద్రతా విభాగపు ఆయుధాగారం చూసే హవల్దారుగారు, అనుమతి పత్రంతోసహా, గోనెగుడ్డలో చుట్టిన త్రీ నాట్ త్రీ రైఫిలును తెచ్చి నా బల్లమీద ఉంచారు. సైన్యంలో ఆర్మరరుగా చేసి మా సంస్థకు వచ్చినవారు. ఆ నెలాఖరుకే వారి పదవీ విరమణ.

రైఫిలు మెడవద్ద కిరీటం గుర్తు, దాని కింద ఇషాపూర్, 1942 అనే అక్షరాలు. హుగ్లీ నది ఒడ్డున తయారైన ఆ తుపాకీ వయస్సులో నాకంటె పెద్దది. దాని మడమ చీలింది. నాలుగు రోజులలో గణతంత్ర దినోత్సవ కవాతు. ఈలోగా కొత్త మడమ వేయాలి. (ఆ మడమలలోనూ పొట్టివి, మామూలువి, పొడవువి ఉంటాయట, సిపాయి చేతిపొడవునుబట్టి!)

గుండ్ల పెట్టె, బోల్టు అప్పటికే వేరుచేసి, గొట్టం ఖాళీ అని నాకు చూపించారు. మడమ వెనుక ఇత్తడి పలకలోని చిన్న తలుపు తెరిచి, లోపలి పొడవాటి బోల్టుకు స్క్రూడ్రైవరు పెట్టబోయాను.

“ఆగు నాయనా! ముందుకర్ర పగులుతుంది” అన్నారు.

మడమను పట్టే ఆ బోల్టు కొస నలుచదరంగా ఉండి, ముందుకర్ర వెనుకభాగాన ఉన్న రేకులో ఇరుక్కుని ఉంటుంది. ముందుకర్రను తీయకుండా దానిని తిప్పితే కర్ర నిలువునా చీలుతుంది. కనుక ముందుకర్ర తీయాలి. అందుకు ట్రిగ్గరు గార్డు తీయాలి. దాని ముందు స్క్రూ మాత్రం కదలలేదు.

నేను బలం చూపించాను. స్క్రూడ్రైవరు జారి, గాడి అంచు ఒకవైపు లేచిపోయింది. నా ముఖంలో నెత్తురు లేదు.

హవల్దారుగారు కోపగించుకోలేదు. కర్రకు ఏళ్ళ తరబడి పట్టించిన అవిసె నూనె రంధ్రంలోకి దిగి బంకలా గట్టిపడుతుందనీ, తుప్పు దానికి తోడవుతుందనీ చెప్పారు. కిరసనాయిలులో కొంచెం మెషీను నూనె కలిపి నాలుగు చుక్కలు వేసి, రాత్రంతా వదిలేయించారు. మరునాడు నాచేత స్క్రూడ్రైవరు మొనను ఆకురాయితో, గాడిలో ఎటూ ఊగకుండా సరిపోయేదాకా రాయించారు. అదొక్కటే గంట పట్టింది. తరువాత కాలిన సోల్డరింగు ఐరనును స్క్రూ తలమీద ఆనించారు. మంట పెడితే కర్ర మాడుతుంది కదా. చల్లారాక మళ్ళీ నూనె. ఇట్లా మూడుసార్లు.

“ఇప్పుడు బిగించు” అన్నారు.

విప్పమనడానికి బదులు బిగించమంటున్నారేమా అనుకున్నాను. వెంట్రుకవాసి బిగించాను. టక్కుమని చిన్న చప్పుడు. ఆపైన వెనక్కు తిప్పితే గోధుమరంగు పొడి రాలుస్తూ వచ్చింది. అంత తేలికగా మరే స్క్రూ నా చేతికి రాలేదనిపించింది.

తక్కిన పని పూటలో అయింది. కొత్త మడమ వేసి, బోల్టు కొస రేకుకు సరిపడేట్టు నిలిపి, ముందుకర్ర ఎక్కించాము. చెడిన గాడిని సన్న ఆకురాయితో సరిచేశాను. అయినా మచ్చ కనబడుతూనే ఉంది.

ఆయుధాల రిజిస్టరులో హవల్దారుగారు వ్రాశారు: ‘పనిముట్టు జారి గాడి అంచు చెడినది.’ కింద తమ సంతకం పెట్టారు. అది నా చేతి తప్పని చెప్పబోయాను. “నీ ప్రొబేషను పూర్తి కాలేదు. నాకింక వారమే గదా” అన్నారు. నేను మిన్నకున్నాను. అంత త్వరగా ఊరుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

కవాతులో ఆ రైఫిలు రెండవ వరుసలో నిలిచింది. నెలాఖరున వారు స్వగ్రామం వెళ్ళిపోయారు. ఉత్తరం వ్రాయాలనుకుంటూనే ఏళ్ళు గడిపాను. 2020 గణతంత్ర దినోత్సవాన ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలికారని పత్రికలో చదివినప్పుడు, ఆ కత్తిరింపు పంపడానికి చిరునామా వెదికాను. దొరకలేదు.

ఆ గాడి చెడగొట్టినది నేను.