కాంప్టీలో మూడు మాసాలు

నాగపూరుకు ఈశాన్యంగా, కన్హాన్ నది ఒడ్డున ఉన్నది కాంప్టీ. మనవైపు నుంచి వెళ్ళేవారు కాజీపేట, బల్లార్షా మీదుగా నాగపూరు చేరి, అక్కడ బండి మారాలి. 1821లో ఇంగ్లీషువారు తమ దండు కోసం వేసిన ఊరు ఇది. వారు వెళ్ళిపోయినా దండు మిగిలింది. బారకాసులు, కవాతు మైదానాలు, తెల్లవారకముందే బూట్ల చప్పుడు - ఇదీ అక్కడి సందడి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి అక్కడేం పని అంటారేమో! కాలేజీల్లో ఎన్.సి.సి. బాధ్యత వహించే అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే పాఠశాల అక్కడున్నది. 2010లో జూన్ నెల మొదలు మూడు మాసాలు నేనూ అక్కడ విద్యార్థినైనాను. ముప్పైమూడేళ్ళ వయస్సులో తుపాకి పట్టుకుని పరుగెత్తడం ఎలా ఉంటుందో నా మోకాళ్ళనే అడగాలి.

రాజమండ్రిలో మా ఆవిడ, నాలుగేళ్ళ అమ్మాయి. ఫోను చేసుకోవడానికి రాత్రి భోజనాలయ్యాక కాసేపే వీలు. పక్కన పదిమంది తమ తమ ఇళ్ళతో మాట్లాడుతూంటారు. "బాగున్నారా?" "బాగున్నాం." "భోంచేశారా?" "ఆఁ." అంతటితో సరి! అందుచేత ఆవిడే ఒక ఏర్పాటు చేసింది. వారానికొక ఉత్తరం, ఫోనులో చెప్పలేనివన్నీ అందులో.

ఉత్తరాలకు కాంప్టీ తగిన ఊరే. మన సైన్యపు తపాలా శాఖకు శిక్షణ కేంద్రం అక్కడే ఉన్నది. శ్రీకాకుళం జిల్లా హవల్దారు ఒకాయన పరిచయమైనాడు. సైనికుడి పేరు, నెంబరు, దళం రాసి కింద "56 ఏ.పి.ఓ." అని వేస్తే చాలునట, దళం ఏ కొండకు కదిలినా ఉత్తరం వెతుక్కుంటూ వెళుతుంది.

"నానెక్కడున్నానో మా ఇంటిదానికి తెల్దు మాస్టారూ! ఉత్తరానికి తెలుసు" అన్నాడాయన నవ్వుతూ.

ఒక ఆదివారం రామ్‌టెక్ వెళ్ళాను. కాళిదాసు చెప్పిన రామగిరి ఇదేనని పలువురు పండితుల అభిప్రాయం. కొండమీద రామాలయం. అప్పుడు ఆషాఢమే, కొండ నెత్తిన మబ్బు కూడా ఉన్నది. భార్యకు ఏడాదిపాటు దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపిన కథ క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! మెట్లెక్కుతూంటే ఒక సంగతి తోచింది. యక్షుడు అలకాపురికి దారంతా చెప్పాడు. భార్య ఎంత చిక్కిపోయిందో తానే ఊహించుకున్నాడు. ఆమె జవాబు మాత్రం మనకు వినిపించదు.

నా జేబులో జవాబు ఉన్నది. ముందురోజే వచ్చింది. అమ్మాయికి టైఫాయిడు వచ్చి, పదకొండో రోజుకు జ్వరం దిగిందట. "ఫోనులో చెబితే మీరు పరుగెత్తుకు వస్తారు, పడిన శ్రమంతా వృథా అవుతుంది. తగ్గాక రాస్తున్నాను. రాత్రుళ్ళు భయం వేసింది. ఆ మాట ఫోనులో అనలేను" అని రాసింది. మెట్టుమీద కూర్చుని మళ్ళీ చదివాను. పదకొండు రాత్రులు "బాగున్నాం" అన్న గొంతు చెవిలో మెదిలింది.

ఆ రాత్రి ఫోనులో "ఇప్పుడు బాగున్నాం" అన్నది. నేను కూడా గది చేరగానే నా మోకాలి వాపు సంగతి దాచకుండా రాసి డబ్బాలో వేశాను.

ఇల్లాలిని వదిలి ఇలాంటి శిక్షణలకు వెళ్ళే సోదరులకు ఒకటే మనవి. ఫోను ఎలాగూ ఉంటుంది. ఒక డజను ఇన్లాండు కవర్లు కూడా ఇంట్లో ఇచ్చి బండి ఎక్కండి.