రసీదు గౌరి నోము

మన ఆడవాళ్ళకు నోములకేం కొదవ లేదు. అట్లతద్దికి అట్లు, ఉండ్రాళ్ళతద్దికి ఉండ్రాళ్ళు. అయినా ఒక్కటి తక్కువైందని నాకనిపిస్తోంది. అదే రసీదు గౌరి నోము.

తిథి డిసెంబరు 24. 1986లో ఆ రోజునే వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఎలాగూ ధనుర్మాసమే కనుక వాకిట్లో త్రాసు ముగ్గు వేసి, రెండు పళ్ళేల్లోనూ చెరో గొబ్బెమ్మను పెట్టాలి. ముల్లు మాత్రం మధ్యలోనే ఉండాలి సుమండీ! కాళేశ్వరరావు మార్కెట్లో కొన్న బెల్లాన్ని ఇంట్లో మళ్ళీ తూచి మరీ పరమాన్నం వండాలి. వాయనం పుచ్చుకోడానికి ముత్తయిదువే కానక్కర్లేదు. సరుకు కొన్నవాళ్ళందరూ అర్హులే.

నోముకో కథ ఉండాలి కదా! మా పక్కింటి పిన్నిగారు పింఛను మీద బతికే మనిషి. బీసెంటు రోడ్డులో మిక్సీ కొన్నారు.

"బిల్లు వేస్తే పన్ను పడుతుందమ్మా" అన్నాడు కొట్టతను.

"పడనీ నాయనా" అన్నారావిడ.

నెలకే మిక్సీ మూగపోయింది. "మేం అమ్మింది కాదే!" అన్నాడతను. ఆవిడ బిల్లు తీశారు. మారుమాట లేకుండా కొత్తది వచ్చింది.

ఇవ్వకపోతేనో? జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2 ఏళ్ళలోపు ఫిర్యాదు చెయ్యాలి. ప్లీడరే ఉండాలని లేదు. 5 లక్షల దాకా పెట్టి కొన్నదానికి ఫీజూ లేదు. 1915కు ఫోను చేసినా దారి చెబుతారు.

చిక్కల్లా ఒక్కటే. ఈ కాలపు బిల్లుల మీద అక్షరాలు గ్యారంటీ కన్నా ముందే మాసిపోతాయి. అందుకని పసుపు కుంకుమలతో పాటు జిరాక్సు కూడా సిద్ధం చేసుకోండి. కథ తప్పినా ఫలం తప్పదంటారు పెద్దలు. ఈ నోముకు మాత్రం బిల్లు తప్పితే ఫలమూ తప్పినట్టే!